మేకల కాపరి పేరు అడగడం నేరంగా ప్రకటించాలి

ఈ దేశంలో అందరికీ సంఘాలున్నాయి, మా అపార్ట్‌మెంట్‌లో లిఫ్ట్‌కి కూడా ఒక కమిటీ ఉంది, కానీ డంజన్ మాస్టర్ గోడు వినే నాథుడే లేడు. తెలియనివాళ్ళకి చెప్తా, డంజన్స్ అండ్ డ్రాగన్స్ అని ఒక ఆట, నలుగురైదుగురు టేబుల్ చుట్టూ కూర్చుని తలా ఒక పాత్ర తీసుకుంటారు, మిగతా లోకం మొత్తం, అంటే రాజులూ దెయ్యాలూ వానా టీకొట్టువాడూ అన్నీ ఒక్కడే నడపాలి. ఆ ఒక్కడే డంజన్ మాస్టర్, పొట్టిగా డీఎం. మా బ్యాచ్‌లో ఆ పాపం నాది.

మూడు వారాలు రాత్రుళ్ళు కూర్చుని 23 పేజీలు రాశాను. ఒక కోట, దాని రాజుల మూడు తరాల వంశవృక్షం, ఉప్పు మీద పన్నేసిన మంత్రి, ఆ పన్ను మీద లేచిన తిరుగుబాటు, ఆఖరికి ఆ మంత్రికి మోకాళ్ళ నొప్పి ఎందుకొచ్చిందో కూడా రాశాను. శనివారం అందరూ వచ్చారు, బిర్యానీ అయింది, నేను గొంతు సవరించుకుని "కోట తలుపు ముందు నిలబడ్డారు, పక్కన ఎవరో మేకలు మేపుకుంటున్నాడు" అన్నా.

మేకలు ఊరికే అందం కోసం పెట్టినవి సార్.

"అన్నా, ఆయన పేరేంటి?" అన్నాడొకడు. 23 పేజీల్లో లేని పేరు అదొక్కటే. ఎదురుగా బిస్కెట్ ప్యాకెట్ కనిపించింది, "పార్లేశ్వరుడు" అనేశా. అంతే, మూడు గంటలు కోటలోకి ఒక్కడూ అడుగుపెట్టలేదు, పార్లేశ్వరుడికి పెళ్ళయిందా, మేకలెన్ని, అంత దిగులుగా ఎందుకున్నాడు అని ఒకటే ఆరా. దిగులు నాది, వాళ్ళకి మేకల కాపరి మొహంలో కనపడింది.

ఈ రోగం ఎక్కడ మొదలైందా అని తవ్వితే 1974 తగిలింది. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ కలిసి తయారుచేసిన ఈ ఆట మొదటి పెట్టెలో మూడు చిన్న పుస్తకాలు. ఒకదాంట్లో రెఫరీ, అంటే డీఎమ్మే, తన పాతాళానికి కనీసం అరడజను మ్యాపులు ముందే గీసి పెట్టుకోవాలని ఉంది, శభాష్. ఇంకోదాంట్లో, ప్రతి టర్ను చివర ఆరు ముఖాల డైస్ వెయ్యి, ఆరు పడితే ఎక్కణ్ణుంచో ఒక రాక్షసి ఊడిపడుతుంది అని ఉంది. సిలబస్ అంతా చదువుకో నాయనా, పేపర్ మాత్రం బయట్నుంచి వస్తుంది, అని పుట్టినప్పుడే రాసిపెట్టారన్నమాట.

తర్వాతోళ్ళు ఇంకా ముదిరారు. 2010లో వచ్చిన అపోకలిప్స్ వరల్డ్ అనే ఇలాంటి ఆటే అయితే కథ ముందే ప్లాన్ చెయ్యొద్దని మొహం మీదే చెప్పేసింది, ఏం జరుగుతుందో ఆడి తెలుసుకోవాలట. బ్లేడ్స్ ఇన్ ద డార్క్ అనే ఇంకో ఆటలో దొంగతనానికి వెళ్ళినోళ్ళు ముందు ప్లాన్ వివరంగా వెయ్యక్కర్లేదు, కాపలావాడు అడ్డం రాగానే ఫ్లాష్‌బ్యాక్ అని "వీడికి నిన్ననే లంచం ఇచ్చేశాం" అనొచ్చు. నేను రేపటి కోసం రాత్రుళ్ళు చస్తుంటే వీళ్ళు నిన్నటిని కూడా ఇప్పుడే వండుకుంటున్నారు.

సరే, ఏమీ రాసుకోకుండా వచ్చే డీఎం బాగుపడ్డాడా అంటే అదీ లేదు. మా పరిచయంలో ఒకాయన ఉన్నాడు, అంతా అక్కడికక్కడే అల్లేస్తాడు, ఆయన లోకంలో ఏ ఊరెళ్ళినా ఒకటే సత్రం, అదే మీసాల యజమాని, అదే దగ్గు. రెండు సెషన్ల కింద మేమే చంపిన రాజు మొన్న వచ్చి మాకు భోజనం పెట్టాడు, ఇదేంటంటే కవల తమ్ముడన్నాడు, ఆ తమ్ముణ్ణి కూడా మేమే చంపాం అని గుర్తుచేస్తే టీ బ్రేక్ ఇచ్చాడు.

కాబట్టి నా డిమాండ్లు ఇవీ. ప్లేయర్లు ఎటు వెళ్తారో 15 రోజుల ముందు నోటరీ చేయించి అఫిడవిట్ ఇవ్వాలి. ప్రస్తావించని తలుపులు తెరవకూడదు. పశువుల కాపరులతో మాట్లాడాలంటే ముందస్తు అనుమతి.

అష్టావధానం చూడు, నాకెంత న్యాయం కావాలో తెలుస్తుంది. అవధాని చుట్టూ ఎనిమిది మంది పృచ్ఛకులున్నా అప్రస్తుత ప్రసంగానికి ఒక్కణ్ణే పెడతారు, నా టేబుల్ దగ్గర ఐదుగురూ అప్రస్తుతమే. పైగా అవధాని పద్యాలు రాసుకుని రాడు, ఛందస్సు ఒంట్లో ఉంటుంది, ఏ పదం ఇచ్చినా అందులో పడేస్తాడు. నేనూ వంశవృక్షం మానేసి ఓ పది పేర్లు, మంత్రికి అసలేం కావాలో ఒక ముక్క రాసుకుని వస్తే సరిపోయేదేమో. కానీ మోకాళ్ళ నొప్పి కథ చాలా బాగా వచ్చిందండీ, వదల్లేను.

వదల్లేదు కూడా. పక్క శనివారం పార్లేశ్వరుడి మేక తప్పిపోయింది, వెతుక్కుంటూ తూర్పుకెళ్ళారు, కోట తూర్పున ఉంది. పడమరకెళ్ళుంటే పడమరన ఉండేది. దీన్ని కొందరు మోసం అంటారు, నేను వనరుల సద్వినియోగం అంటాను. మొత్తానికి ఉప్పు పన్ను గురించి నలభై నిమిషాలు చదివి వినిపించా.

ఆట అయ్యాక చెప్పులేసుకుంటూ ఒకడు భుజం తట్టాడు. "పార్లేశ్వరుడి కథ ఎంత ప్రిపేర్ అయ్యావన్నా, పేరు దగ్గర్నుంచీ తెలిసిపోతోంది. ఆ ఉప్పు పన్ను మాత్రం అప్పటికప్పుడు ఏదో అల్లేశావ్ కదా?"

"అవున్రా," అన్నా, "బిర్యానీ తింటున్నప్పుడు తట్టింది."