జోష్న పద్దెనిమిది టైటిళ్లు ఏం చెబుతున్నాయి?

చిత్తూరు నుంచి మద్రాసు మూడు, మూడున్నర గంటల దారి. పెళ్లి పట్టుచీరలకు పోతాం, పెద్దాసుపత్రులకు పోతాం. కానీ అదే ఊళ్లో పుట్టి, పాతికేళ్లుగా దేశం తరఫున స్క్వాష్ (నాలుగు గోడల మధ్య రాకెట్‌తో బంతిని గోడకేసి కొట్టే ఆట) ఆడుతున్న జోష్న చిన్నప్ప పేరు తిరుపతిలో పది మందిని అడిగితే ఎంతమంది చెబుతారు? 2024లో ఆమెకు పద్మశ్రీ వచ్చింది. అయినా మన టీకొట్ల దగ్గర చర్చ క్రికెట్ దాటదు.

ఆమె గురించి రాసేవాళ్లు మొదట ఎత్తుకునేది 18 జాతీయ టైటిళ్ల లెక్క. 2000లో పద్నాలుగేళ్లకే జాతీయ చాంపియన్ అయింది. భువనేశ్వరి కుమారి పేరిట ఉన్న 16 టైటిళ్ల రికార్డును 2019లో దాటింది. గొప్పే, కాదనను. కానీ ఇద్దరు మనుషులే 34 టైటిళ్లు గెలుచుకున్నారంటే వాళ్ల సత్తాతో పాటు వాళ్ల వెనక ఎంత ఖాళీ ఉందో కూడా కనిపిస్తుంది. గట్టి పోటీ ఉన్న ఆటలో ఇలాంటి లెక్క రాదు.

అందుకే జోష్నను బయటి దేశాల్లో ఆడిన ఆటతో కొలవాలంటాను. 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో దీపికా పల్లికల్‌తో కలిసి డబుల్స్ స్వర్ణం గెలిచింది. కామన్వెల్త్ క్రీడల చరిత్రలోనే స్క్వాష్‌లో మనకు అదే తొలి పతకం. ఫైనల్లో ఓడింది ఇంగ్లండ్ జోడీ జెన్నీ డంకాఫ్, లారా మసారో. 2016లో ప్రపంచ పదో ర్యాంకు. 2017లో ఆసియా సింగిల్స్ టైటిల్. అంతకుముందు ఏ భారతీయురాలికీ, భారతీయుడికీ అది దక్కలేదు. ఫైనల్ ఎవరితో అనుకున్నారు? అదే దీపికతో, ఐదు గేములు. మరుసటి ఏడాది ఈజిప్టులో ఎనిమిది సార్లు ప్రపంచ చాంపియన్ నికోల్ డేవిడ్‌ను ఓడించింది. ఏషియాడ్ స్వర్ణం మాత్రం అందలేదు. ఆ లోటు లోటే.

ఇక ఆ ఖాళీ సంగతి. స్క్వాష్ కోర్టు 9.75 మీటర్ల పొడవు, 6.4 మీటర్ల వెడల్పు గది. నాలుగు పక్కలా గోడ, కింద చెక్క నేల, లోపల ఇద్దరు. డబ్బు పెట్టి కట్టాక ఇంకో ఆటకు పనికిరాదు. బ్యాడ్మింటన్ అలా కాదు, నెట్ తీసేస్తే అదే హాల్లో ఫంక్షన్ కూడా చేసుకోవచ్చు! అందుకే మన దేశంలో స్క్వాష్ చాలాకాలం క్లబ్బుల ఆటగానే ఉండిపోయింది. జోష్న కూడా ఆట తెలిసిన ఇంట్లో పుట్టి, మద్రాసు క్రికెట్ క్లబ్బులో రాకెట్ పట్టిన పిల్లే. ఆ తర్వాత చెన్నైలో ఇండియన్ స్క్వాష్ అకాడమీ వచ్చింది. కలకత్తా కుర్రాడు, స్క్వాష్ ఆటగాడు సౌరవ్ ఘోషాల్ కూడా అక్కడికొచ్చి తేలాడు. టాలెంట్ ఊరు చూసి పుట్టదు కానీ, కోర్టు ఉన్న ఊరికే పోతుంది.

2023 హాంగ్జౌ ఏషియాడ్‌లో మహిళల జట్టు కాంస్యం గెలిచినప్పుడు జోష్నకు 37 ఏళ్లు, జట్టులోని అనాహత్ సింగ్‌కు 15. అదే ఏడాది అనాహత్ జాతీయ చాంపియన్ కూడా అయింది. నా దృష్టిలో జోష్నకు 18వ టైటిల్ కన్నా, తన వెనక ఖాళీలోకి ఇలా ఒకరు రావడమే పెద్ద సంగతి.

2028 లాస్ ఏంజెలెస్‌లో స్క్వాష్ తొలిసారి ఒలింపిక్స్‌లోకి వస్తోంది, అదీ సింగిల్స్ మాత్రమే. జోష్నకు అప్పటికి నలభై దాటతాయి. తిరుపతిలో ఈసారి కొత్త ఇండోర్ స్టేడియం ప్లాన్ గీసేవాళ్లు ఓ మూలన రెండు కోర్టులకు చోటు వదిలితే, మన పిల్లలు కనీసం ఆ ఆట ఎలా ఉంటుందో చూడటానికి మద్రాసు బస్సెక్కనక్కర్లేదు.