‘మీ కారుకు సరిపోతుంది’ అని అభయమిచ్చే ఆకుపచ్చ టిక్కు గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ఆకుపచ్చ టిక్కు గుర్తు గారి సముఖమునకు,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలనే ఉంది గాని, ఇక్కడ కుశలంగా ఉన్నది నేనొక్కణ్ణే. నా కారు ఎడమ ముందు చక్రం ఊడదీసి నేలమీద పడుకోబెట్టి ఉంది, ఆ మూల బరువంతా ఒక జాకీ స్టాండు మోస్తోంది, నేను బోర్లించిన బకెట్టు మీద కూర్చుని, గ్రీజు అంటకుండా మిగిలిన మూడు వేళ్ళతో కలం పట్టుకుని తమకు ఈ లేఖ రాసుకుంటున్నాను.

తమకు నేను గుర్తుండకపోవచ్చు. శనివారం అర్ధరాత్రి విడిభాగాలమ్మే ఆన్‌లైన్ అంగట్లో కంపెనీ, మోడల్, సంవత్సరం, ఇంజను అనే నాలుగు గడులు నింపినవాణ్ణి నేనే. నాలుగో గడి నిండీ నిండగానే తమరు బ్రేకు డిస్కుల బొమ్మ పక్కన ప్రత్యక్షమై, ‘ఇది మీ కారుకు కచ్చితంగా సరిపోతుంది’ అన్నారు. పదేళ్ళుగా ఆ కారును తోలుతున్న నేనే దాని గురించి ఏ మాటా అంత ధీమాగా అనలేను. అంత మాట అన్నవారిని నమ్మకపోతే మర్యాద కాదనిపించి, డబ్బు చెల్లించి పడుకున్నాను.

నిజానికి నన్ను చెడగొట్టింది తమరి పాత సత్యసంధతే. నిరుడు వైపర్ బ్లేళ్ళు తెప్పించుకున్నప్పుడు తమరి మాట అక్షరాలా నిలబడింది. మీట నొక్కి లాగితే పాతది చేతికొచ్చింది, కొత్తది టక్కుమని కూర్చుంది. ఆ తరువాత గ్లవ్ బాక్సు వెనక ఉండే ఏసీ ఫిల్టరు మార్చాను. గాలి ఎటు పోవాలో చెప్పే బాణం గుర్తు చూసుకుని, తలకిందులుగా పెట్టబోయిన దాన్ని నేనే సరిదిద్దుకున్నందుకు, సగం ఇంజనీరునైపోయానన్న నమ్మకం కుదిరింది. ఈ రెండు దిగ్విజయాలలో ఒక్క పానా కూడా పట్టవలసిన అవసరం రాలేదన్న సంగతి నాకప్పుడు తట్టలేదు.

పోయిన నెల నుంచి బ్రేకు నొక్కినప్పుడల్లా కీచుమని చప్పుడు మొదలైంది. చక్రంతో పాటు తిరిగే డిస్కును నొక్కిపట్టి బండిని ఆపే ప్యాడు అరిగితే యజమానికి తెలియాలని తయారీదారులే దానికి ఒక చిన్న లోహపు రేకు తగిలిస్తారు, అది డిస్కును గీరుకుంటే వచ్చే చప్పుడది. కొత్త ప్యాడు మీద రాపిడి పదార్థం 10 మి.మీ.కు అటూ ఇటూగా ఉంటుంది, అది 3 మి.మీ.కి దిగిందంటే మార్చుకోవలసిందే. నావి అంతకన్నా అరిగాయి, డిస్కులకు కూడా అంచు వెంబడి గట్టు కట్టింది. ఇంతటి చిన్న పనికి మెకానిక్ గుమ్మం తొక్కడం చేతగానితనమని అప్పటికే వీడియోలు నాకు నూరిపోసి ఉన్నాయి.

ఆ వీడియోలు తమరికి దగ్గరి చుట్టాలే కనుక వాటి గురించి కూడా ఒక మాట మనవి చేసుకుంటాను. వాటిలో చొక్కా నలగని ఒక పెద్దమనిషి, ప్యాడ్లను పట్టి ఉంచే క్యాలిపర్ వెనకనున్న రెండు బోల్టులను సీసా మూత తీసినంత సుళువుగా తీస్తాడు, పన్నెండో నిమిషంలో ‘విప్పిన వరుసను తిరగేసి బిగించుకుంటే సరి’ అని సెలవు తీసుకుంటాడు. ఆయన కారుకు తుప్పు పట్టదు. నా కారులో డిస్కును, చక్రం బిగించే హబ్బుకు పట్టి ఉంచే బుల్లి స్క్రూ ఏనాడో తుప్పుతో హబ్బులో ఐక్యమైపోయింది. స్క్రూడ్రైవరు ఆనించి బలం కొద్దీ తిప్పితే స్క్రూ కదలలేదు గాని, దాని తల మీది ప్లస్ గాడి కాస్తా గుండ్రటి గుంటగా మారింది. తుప్పు వదిలించే నూనె చల్లి గంటసేపు కాచుకున్నాను, సుత్తితో బెదిరించాను, చివరికి డ్రిల్లుతో తల తీసేస్తే గాని పాత డిస్కు ఊడి రాలేదు. వీడియోలో ఈ ఘట్టం నాలుగు సెకన్లు.

క్యాలిపర్‌లో ప్యాడును డిస్కు మీదికి తోసే పిస్టన్‌ను వెనక్కి నెట్టేటప్పుడు, ఆ నెట్టిన బ్రేక్ ఆయిల్ ఎక్కడికి పోతుందో నేను ఆలోచించలేదు. అది బానెట్ కిందనున్న డబ్బాలోకి పోతుందట. డబ్బా అప్పటికే నిండుగా ఉంటే అంచు దాటి పొంగుతుందట, కారు రంగు మీద పడితే ఆ రంగును తినేస్తుందట. ఇవన్నీ రంగు పోయిన చోటిని చూస్తూ చదువుకున్నాను.

ఇంతా చేసి కొత్త డిస్కు బయటికి తీశాను. అది హబ్బు మీద ఎంత ముచ్చటగా కూర్చుందో చెప్పలేను. మధ్య రంధ్రం సరిపోయింది, బోల్టు రంధ్రాలన్నీ ఎదురెదురుగా వచ్చాయి. తమరి మీద నాకు కలిగిన గౌరవం అక్షరాలా రెండు నిమిషాలు నిలిచింది. క్యాలిపర్ బిగించాక చూస్తే ప్యాడ్ల పై అంచు డిస్కు మీద కాకుండా గాలిలో వేలాడుతోంది. పాత డిస్కు తెచ్చి కొలిచాను, 300 మి.మీ. కొత్తది 280. వ్యాసంలో 20 తేడా, అంటే అంచు దగ్గర 10 మి.మీ. మేరకు నా ప్యాడ్లు పట్టుకోవలసింది గాలినే. (10 మి.మీ. అనగానే గుర్తొచ్చింది, నా 10 సైజు సాకెట్టు పొద్దుటి నుంచి కనిపించడం లేదు. ఇందులో తమరి ప్రమేయం లేదని నమ్ముతున్నాను.)

అప్పుడు తమరి పేజీకి తిరిగి వచ్చి, తమరి వెలుగు సోకని అట్టడుగున, బూడిదరంగు చీమ అక్షరాలలో రాసి ఉన్న వాక్యం చదివాను: ‘280 మి.మీ. డిస్కులున్న వాహనాలకు మాత్రమే.’ ఒకే మోడలు, ఒకే సంవత్సరం, ఒకే ఇంజనుతో వచ్చిన కార్లకు కూడా చక్రాల సైజును బట్టి, రకాన్ని బట్టి రెండు కొలతల బ్రేకులు ఉంటాయని తమరికి ముందే తెలుసన్న మాట. తెలిసీ నాలుగు ప్రశ్నలతో సరిపెట్టుకున్నారు. ఐదో ప్రశ్న అడిగితే బేరం చెడుతుందేమోనన్న భయం తమరిదైతే, సమాధానం తెలియక నేను పారిపోతానేమోనన్న అనుమానం కూడా తమరికి ఉండి ఉంటుంది. ఆ అనుమానం సబబే.

ప్రతి కారుకూ 17 అక్షరాలూ అంకెలూ కలిసిన గుర్తింపు సంఖ్య ఒకటి ఉంటుంది. అందులో ఇంగ్లీషు అక్షరాలు ఐ, ఓ, క్యూ ఎక్కడా కనిపించవు. ఒకటి, సున్నా అంకెలతో కలగాపులగమై చదివేవాడు పొరబడతాడని వాటిని నిషేధించారు. ఎవరో తెలియని మనిషి కళ్ళు మోసపోతాయేమోనని మూడు అక్షరాలను త్యాగం చేసినవారు లోకంలో ఉండగా, తమరు 20 మి.మీ.ల తేడాను చీమ అక్షరాల కింద దాచడం నాకు బాధగా ఉంది. కారు తయారీ నడిమధ్యలో ఒక భాగం మారితే, ఏ క్రమసంఖ్య బండి నుంచి మారిందో ఆ కంపెనీ పట్టికలో ఉంటుంది. ఆ 17 అక్షరాల గుర్తింపు సంఖ్యను అడిగే గడి తమరి దగ్గరా ఉంది గాని, దాని పక్కన ‘ఐచ్ఛికం’ అని రాసి ఉంది.

సరే, వాపసు పంపుదామనుకున్నాను. ‘ఒకసారి బిగించిన భాగాలు వాపసు తీసుకోబడవు’ అన్నది తమరి నిబంధన. సరిపోతుందో లేదో బిగిస్తే గాని తెలియదు, బిగిస్తే వాపసు లేదు, బిగించకుండా ఉంటే సరిపోనట్టు రుజువు లేదు. ఈ నిబంధన రాసినవారు వేదాంతం బాగా చదువుకుని ఉండాలి. కారణం ఎంచుకోమని ఇచ్చిన జాబితాలో ‘మనసు మారింది’, ‘పొరపాటున కొన్నాను’, ‘ఇంకా మంచి ధర దొరికింది’ ఉన్నాయి, ‘టిక్కు గారు చెప్పారు’ అన్నది లేదు. ‘మనసు మారింది’ అన్న దాన్నే నొక్కాను. ఒక విధంగా అది నిజమే కదా. తుప్పు పట్టకుండా ఫ్యాక్టరీలో పూసిన నూనె మీద నా వేలిముద్రలు పడి ఉన్నాయి కనుక ‘వాడిన ఆనవాళ్ళు ఉన్నాయి’ అని మర్నాడే తిరస్కరించారు.

తమరికి సాక్ష్యం పలికే అయిదు నక్షత్రాల అభిప్రాయాలు కూడా ఇప్పుడు తీరిగ్గా చదివాను. ‘ఇంకా బిగించలేదు, ప్యాకింగ్ మాత్రం అద్భుతం’ అని ఒకరు రాశారు. ఆయన ఇప్పటికైనా బిగించాడా, బిగించాక ఆయనకు రాసే ఓపిక మిగిలిందా అన్నదే నా బెంగ.

గత్యంతరం లేక పాత ప్యాడు ఒకటి పట్టుకుని మెకానిక్ దగ్గరికి వెళ్ళాను. ఆయన దాన్ని వెనక్కి తిప్పి, ఇనుప పలక మీద అచ్చుపోసిన నంబరును బొటనవేలితో తుడిచి చూసి, ‘ఇది పెద్ద బ్రేకుల బండి సార్, విప్పకముందే వచ్చి ఉంటే చెప్పేవాణ్ణి కదా’ అన్నాడు. చూడడానికి పది సెకన్లు పట్టింది. ఆయన ఒంటి మీద ఆకుపచ్చ రంగు ఎక్కడా లేదు. ‘మరి ఇప్పుడు మీరే బిగిస్తారా’ అని అడిగితే, బయట కొన్న సామాను తాను బిగించనన్నాడు. ఆ మాటతో రోషం పొడుచుకొచ్చి, రోట్లో తల పెట్టినవాణ్ణి రోకటి పోటుకు వెరవడమేమిటనుకుని, మళ్ళీ తమరి పాదాల చెంతకే వచ్చాను.

అయ్యా, తమరిని ఉద్యోగం మానుకోమనడం లేదు. రంగు ఒక్కటి మార్చుకుంటే చాలు. వైపర్లకూ ఫిల్టర్లకూ ఆకుపచ్చగానే ఉండండి. డిస్కుల దగ్గరికి వచ్చేసరికి కాస్త పసుపు పచ్చగా మారి ‘నాకూ అనుమానంగానే ఉంది, కొలిచి చూసుకోండి’ అనండి. ‘డ్రైవరు వైపు’ అని అమ్మే అద్దాలూ హెడ్‌లైట్ల దగ్గర ఏకంగా ఎర్రబడండి. స్టీరింగు కుడివైపు ఉండే దేశాలూ, ఎడమవైపు ఉండే దేశాలూ రెండూ ఉన్న లోకంలో డ్రైవరు ఏ వైపు కూర్చుంటాడో ముందు తమరు తేల్చుకోవాలి.

ఇట్లు,
తమరి విధేయుడు,
ప్రస్తుతం పాదచారి

తాజా కలం: లేఖ మడతపెట్టేలోగా రెండో పెట్టె వచ్చింది. ఈసారి 17 అక్షరాలూ కూడబలుక్కుంటూ నింపాను, తమరు మునుపటిలాగే పచ్చగా వెలిగారు. విప్పి కొలిస్తే సరిగ్గా 300 మి.మీ. పెట్టెలో ఉన్నది మాత్రం ఒక్కటే డిస్కు. తమరి కిందనే ‘ఒక వాహనానికి కావలసినవి: 2’ అని రాసి ఉందట, సంఖ్య గడిలో ఒకటి అని ఉంచేసినది నేనేనట. కుడి చక్రం ఇంకా విప్పలేదు. ఎడమ వైపుకు మాత్రం, తమరు చెప్పినట్టే, కచ్చితంగా సరిపోయింది.