పురుగుమందు కొట్టే ఇంటి పిల్లలకు చెప్పని పాఠం

తిరుపతిలో పదో తరగతికి జీవశాస్త్రం చెబుతాను. "నాడులంటే కరెంటు తీగలు" అని నేనూ ఏళ్ల తరబడి చెప్పాను. ఇప్పుడు ఆ మాట ఎవరి నోట విన్నా కోపం వస్తుంది.

తీగ మధ్యలో తెగి ఉండదు. నాడీకణాల మధ్య మాత్రం చాలా చోట్ల సందు ఉంటుంది, దాదాపు 20 నానోమీటర్లు. కణం పొడవునా విద్యుత్తుగా వచ్చిన సంకేతం ఆ సందును రసాయనంగా దాటుతుంది. ఆస్ట్రియాలో ఒట్టో లోవి అనే శాస్త్రవేత్త 1921లో దీన్ని రెండు కప్ప గుండెలతో చూపించాడు. ఒక గుండెకు వెళ్లే నాడిని ప్రేరేపిస్తే దాని వేగం తగ్గింది. ఆ గుండెను తడిపిన ద్రవాన్ని రెండోదానికి అందిస్తే, నాడిని ముట్టుకోకుండానే అదీ నెమ్మదించింది. ఆ ద్రవంలో ఉన్నది ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం.

ఆ పేరు నాకు పరీక్ష కోసం తెలుసు. దాని బలం మా మామయ్య మంచం పక్కన తెలిసింది.

చిత్తూరు దగ్గర ఆయనకు తోతాపురి తోట ఉంది. పూత మీద తేనెమంచు పురుగు పడిందని పొద్దుటి నుంచి మందు కొట్టాడు. చేతులకు తొడుగులు లేవు, ముక్కుకు తువ్వాలు ఒక్కటే. మధ్యాహ్నానికి నోట్లోంచి చొంగ, ఆగని కన్నీళ్లు, ఒళ్లంతా చెమట, తొడల్లో కండరాలు పురుగులు పాకినట్టు అదరడం. మొదట తీసుకెళ్లిన చోట నీరసమని సెలైన్ ఎక్కించారు. తిరుపతికి తెచ్చాక డాక్టరు కళ్లలోకి టార్చి వేసి చూశారు. కంటిపాపలు గుండుసూది మొనంత ఉన్నాయి. "ఏం మందు కొట్టాడమ్మా?" అన్నారు వెంటనే.

ఎసిటైల్‌కోలిన్ పని పూర్తికాగానే దాన్ని ముక్కలు చేసే ఎంజైమ్ ఆ సందులోనే ఉంటుంది. ఆర్గానోఫాస్ఫేట్ రకం పురుగుమందు ఆ ఎంజైమ్‌నే పట్టేస్తుంది. ఇక రసాయనం పోదు, ఆజ్ఞ ఆగదు. కండరం అదిరి అదిరి చివరికి చచ్చుబడుతుంది, ఊపిరి తీసే కండరంతో సహా. పురుగు చచ్చేదీ ఆ ఎంజైమ్ ఆగిపోవడం వల్లే. విరుగుడుగా అట్రోపిన్ ఇస్తే ఊపిరితిత్తుల్లో చేరిన తడి ఆరింది, కానీ కండరాల బలహీనతకు అది మందు కాదు. మామయ్య మూడు రోజులు వెంటిలేటర్ మీద ఉన్నాడు.

ఇంత జరిగేది మా పాఠంలోని ఆ చిన్న సందులోనే. మనం మాత్రం బొమ్మ గీయించి, భాగాలు గుర్తించమని మార్కులు వేస్తాం. మామిడి, టమాటా పండించే ఇళ్ల పిల్లలకు కప్ప గుండె వేరు, మందు డబ్బా వేరు అని విడదీసి చెప్పడం అన్యాయం. డబ్బా మీది ఎర్ర త్రికోణం, పసుపు త్రికోణం ఏం హెచ్చరిస్తున్నాయో అదే పీరియడ్‌లో చెప్పాలి. చర్మం గుండా కూడా విషం ఎక్కుతుందని, తడిసిన చొక్కా వెంటనే విప్పి సబ్బుతో ఒళ్లు కడగాలని, ఆసుపత్రికి వెళ్తే మందు పేరు చెప్పాలని కూడా.

ఈ ఏడాది నేను అలాగే చెప్పాను. వెనక బెంచీలో అబ్బాయి లేచి, "మా నాన్నకు పురుగుమందు కొట్టిన రోజల్లా కళ్లు మసకగా ఉంటాయి టీచర్, అదేనా?" అని అడిగాడు.