డబ్బా మారింది, మందు మారలేదు

పెన్‌గంగకు ఇటు జైనథ్, బేల అయినా, అటు యవత్మాల్, చంద్రపూర్ అయినా నల్లరేగడి రైతు గడ్డి మందు కొట్టాక గునుగు నిలబడే ఉంటే ముందు అనుమానించేది నకిలీ సరుకునే. మరాఠీ రైతు దాన్నే కుర్డు అంటాడు, తిట్టేది మాత్రం అదే దుకాణదారును. ఒక్కోసారి ఆ అనుమానం నిజమే కావచ్చు. కానీ పంపునూ, కొలతనూ, నిరుడు కొట్టిన మందునూ కూడా అడగాలి.

పత్తిలో కొట్టే పైరిథయోబాక్ సోడియం, సోయాలో కొట్టే ఇమాజితాపిర్ పేరుకే వేరు. రెండూ కలుపు మొక్క ఎదగడానికి కావాల్సిన ఏఎల్ఎస్ అనే ఒకే ఎంజైమును ఆపుతాయి. సోయా తీసి పత్తి పెట్టిన రైతు పంట మార్చాడే గానీ, కలుపుకు పాత మందే పోస్తున్నాడు. పుట్టుకతోనే దాన్ని తట్టుకునే ఒకటి రెండు మొక్కలు మిగిలి, గింజ రాల్చి, కొన్నేళ్లలో చేనును ఆక్రమిస్తాయి. 1990ల్లో పంజాబ్, హర్యానా గోధుమ చేలల్లో గుల్లీ దండా గడ్డి ఐసోప్రొట్యురాన్ అనే కలుపు మందుకు లొంగకుండా పోయింది ఇలాగే.

ఇక కొలత. పైరిథయోబాక్ 10 శాతం మందు ఎకరాకు 250 మి.లీ., నీళ్లు 200 లీటర్లు. అంటే 16 లీటర్ల పంపుకు 20 మి.లీ. చొప్పున పన్నెండున్నర పంపులు. గుత్తకు పట్టిన కూలీ ఏడు పంపులతో ఎకరం ముగిస్తే చేనుకు అందింది 140 మి.లీ.లే. కలుపు వాడి, మళ్లీ చిగురిస్తుంది. పురుగు మందు నాజిల్ తీసి ఫ్లాట్ ఫ్యాన్ నాజిల్ బిగించాలి. కలుపు రెండు నాలుగు ఆకుల మీదున్నప్పుడే కొట్టాలి. మోకాలెత్తు గునుగు మీద పోస్తే డబ్బు దండగ.

రెండు మూడు వారాలకు చేను తిరిగి చూడాలి. సాలు పొడవునా గీత గీసినట్టు కలుపు మిగిలితే అక్కడ పంపు తప్పింది. అన్ని జాతులూ బతికితే మోతాదు తగ్గింది, లేదా వాన కడిగేసింది. చచ్చిన గునుగు పక్కనే అదే ఈడు గునుగు పచ్చగా ఉంటేనే అసలు భయం, అది మందుకు లొంగని మొక్క కావచ్చు. దాన్ని పూతకు రాకముందే వేళ్లతో సహా పీకాలి. బతుకమ్మకు గట్టు మీది గునుగు చాలు.

విత్తిన 48 గంటల్లో, నేల తడిగా ఉండగా, కలుపును మొలకలోనే ఆపే పెండిమెథాలిన్ 30 శాతం మందు ఎకరాకు లీటరు నుంచి లీటరుంబావు కొట్టి, తర్వాత రెండు మూడుసార్లు గుంటుక తోలితే కలుపు మొలిచాక కొట్టే మందుల అవసరం చాలా తగ్గుతుంది. మొక్కల సందుల్లో గుంటుక అందదు, అక్కడ కూలీ ఖర్చు తప్పదు. గడ్డి జాతి కలుపుకు కొట్టే క్విజాలోఫాప్ వేరే దారిలో పనిచేస్తుంది, గునుగుపై పనికిరాదు.

గ్లైఫోసేట్ అనే గడ్డి మందును తట్టుకునే, అనుమతి లేని బీజీ-3 పత్తి వేసి ఆ మందు పోయడం మరో ప్రమాదం. చీడల నివారణే వృత్తిగా ఉన్న పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు తప్ప ఎవరూ గ్లైఫోసేట్ వాడకూడదని కేంద్రం 2022లో ఆంక్ష పెట్టింది. పైగా వెన్నదేవి కూర అనే కలుపు ఆ మందుకు సరిగా చావదు.

రెండు రాష్ట్రాల వ్యవసాయ శాఖలూ ఒక్క పని చేయాలి. దుకాణం రసీదుపై మందు పేరు పక్కనే అది పనిచేసే తీరును చెప్పే గ్రూపు సంఖ్యను తెలుగులో, మరాఠీలో రాయించాలి. పైరిథయోబాక్, ఇమాజితాపిర్ రెండింటికీ 2, పెండిమెథాలిన్‌కు 3, క్విజాలోఫాప్‌కు 1. నిరుటి రసీదు తెచ్చిన రైతు ఈసారి 2 వద్దని తానే అడుగుతాడు.