సవరణ: విలియం హెన్రీ లూయిస్ ఆట మొదలైంది హార్వర్డ్‌లో కాదు

అమెరికన్ ఫుట్‌బాల్ తొలి తరం ఆటగాడు విలియం హెన్రీ లూయిస్ గురించిన మునుపటి వ్యాసంలో, ఆయన ఆట హార్వర్డ్‌లోనే మొదలైందని, తర్వాత అక్కడే ప్రధాన శిక్షకుడయ్యారని ఉంది. ఈ రెండూ సరికావు.

బానిసత్వం నుంచి విముక్తి పొందిన దంపతులకు 1868లో వర్జీనియాలో పుట్టిన లూయిస్, ముందు ఆమ్హర్స్ట్ కళాశాలలో ఆడారు. 1891లో ఆ జట్టుకు కెప్టెన్ కూడా. హార్వర్డ్‌కు వెళ్లింది న్యాయశాస్త్రం చదవడానికి. విద్యార్థి ఎక్కడ చదివినా కొన్నేళ్లే ఆడాలన్న కట్టుబాటు అప్పటికి గట్టిగా లేదు, అందుకే అక్కడా సెంటర్ స్థానంలో, అంటే బంతిని వెనక్కి అందించి ఆట మొదలుపెట్టే స్థానంలో, ఆడగలిగారు. 1892, 1893 సంవత్సరాల్లో ఆల్ అమెరికా జట్టుకు, అంటే ఆ ఏటి మేటి కళాశాల ఆటగాళ్ల గౌరవ జాబితాకు, ఎంపికయ్యారు. ఆ గౌరవం పొందిన మొదటి నల్లజాతి ఆటగాడు ఆయనే.

ఇక శిక్షణ సంగతి. 1895 నుంచి 1906 వరకు ఆయన హార్వర్డ్‌లో సహాయ శిక్షకుడు, ప్రధాన శిక్షకుడు కాదు. అంతమాత్రాన ఆ పని చిన్నదని ఎవరూ అనుకోకూడదు. బంతికి ఇరువైపులా ఎదురెదురుగా నిలిచే వరుసల ఎత్తుగడల్లో ఆయనను మించినవారు ఆ రోజుల్లో అరుదు. ఆటపై పాఠ్యపుస్తకం కూడా రాశారు.

మునుపటి వ్యాసం పూర్తిగా వదిలేసిన విషయం మరొకటి: 1911లో ఆయన అమెరికా ప్రభుత్వ న్యాయశాఖలో ఉన్నతాధికారి పదవి అయిన సహాయ అటార్నీ జనరల్ అయ్యారు. ఆ పదవి చేపట్టిన తొలి నల్లజాతీయుడాయన. మరుసటి ఏడాదే జాతి కారణంగా ఆయనను న్యాయవాదుల సంఘమైన అమెరికన్ బార్ అసోసియేషన్ నుంచి తొలగించాలని చూశారు. ఆయన జీవితకథలో ఇది తప్పక ఉండాలి.