పాత విమానం ఇంజన్ అదిరితే ముందు చూడాల్సింది ప్రొపెల్లర్ బ్యాలెన్సేనా?

పైపర్ జే-3 కబ్, ఎయిరోంకా చాంప్, సెస్నా 140 లాంటి పాత విమానాలు నడిపేవాళ్లలో ఒక సలహా బాగా తిరుగుతోంది: "నాలుగు సిలిండర్ల పాత ఇంజన్ అదరడం సహజం. మరీ ఎక్కువైతే ప్రొపెల్లర్‌ను డైనమిక్ బ్యాలెన్స్ చేయించండి, మౌంటు రబ్బర్లు మార్చండి. మాగ్నెటో డ్రాప్ పరిమితిలో ఉండి, కంప్రెషన్ 70 దాటితే ఇంజన్ జోలికి పోనక్కర్లేదు." (డైనమిక్ బ్యాలెన్స్ అంటే ఇంజన్ నడుస్తుండగా అదురు కొలిచి, బరువు ముక్కలతో సరిచేయడం. మాగ్నెటో ప్లగ్గులకు నిప్పురవ్వ పంపే పరికరం, ఇంజన్‌కు రెండుంటాయి; ఒకదాన్ని ఆపితే ఇంజన్ వేగం ఎంత పడిపోతుందన్నదే డ్రాప్. కంప్రెషన్ 70 అంటే సిలిండర్‌లోకి పంపిన 80 పీఎస్ఐ గాలి ఒత్తిడిలో 70 నిలవడం.) ఇందులో ఒక్కో మాటా వినడానికి సబబుగానే ఉంటుంది. ఈ వరసలో పనిచేస్తే మాత్రం జబ్బున్న సిలిండర్ అలాగే ఉండిపోతుంది.

మొదటి మాట: అదరడం సహజం. ఆరు సిలిండర్ల ఇంజన్ అంత నునుపుగా ఇది తిరగదన్నది నిజమే. కానీ సహజమైన అదురు ఏళ్ల తరబడి ఒకే తీరున ఉంటుంది. కొత్తగా వచ్చినా, పెరిగినా, ఒక ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) దగ్గరే కనిపించినా దానికి కారణం ఉన్నట్టే. ఆ కారణం ఎటువైపుందో అదురు వేగమే చెబుతుంది. 2100 ఆర్‌పీఎం అంటే సెకనుకు 35 చుట్లు. అదురు కూడా సెకనుకు 35 సార్లుంటే ప్రొపెల్లర్‌నో దాన్ని బిగించే హబ్‌నో అనుమానించాలి. ఫోర్-స్ట్రోక్ ఇంజన్‌లో ఒక్కో సిలిండర్ రెండు చుట్లకొకసారి మండుతుంది కాబట్టి, ఒకటి బలహీనపడితే అదురు అందులో సగం, అంటే 17.5 దగ్గర బలంగా కనిపిస్తుంది. మనిషి ఒంటికి అది బరువైన కుదుపులా తెలుస్తుంది. సెకనుకు 100 సార్లు కంపనాన్ని నమోదు చేసే ఫోన్‌ను సీటు చట్రానికి గట్టిగా కట్టినా ఈ రెంటినీ విడదీయొచ్చు. 50 దాటిన కంపనాలను మాత్రం దానితో నమ్మొద్దు.

రెండో మాట బ్యాలెన్స్. బ్యాలెన్సింగ్ యంత్రం లెక్కగట్టేది చుట్టుకొకసారి వచ్చే అదురునే. ఆ కంపన వేగం 0.07 ఇంచ్ పర్ సెకండ్ కిందికి దిగితే చాలా బాగున్నట్టు. కానీ సగం వేగంలో వచ్చే సిలిండర్ కుదుపును ఏ బరువు ముక్కా తగ్గించలేదు. పైగా కొత్తగా వంగిన బ్లేడుకో, వదులైన హబ్‌కో బరువు కట్టామంటే లోపం అంకెల వెనక దాక్కుంటుంది.

బ్యాలెన్స్‌కు ముందు చేయాల్సిన పని చవకైనది. మాగ్నెటోలు ఆఫ్ చేసి, చక్రాలకు అడ్డుపెట్టి, ఒక్కో సిలిండర్ నుంచి పై ప్లగ్గు తీసేయండి. గ్రౌండ్ వైరు తెగిన మాగ్నెటో స్విచ్ ఆఫ్‌లో ఉన్నా నిప్పు రాజేస్తుంది, కాబట్టి ప్రొపెల్లర్ ఎప్పుడైనా తిరగొచ్చన్న జాగ్రత్తతోనే ముట్టుకోవాలి. బ్లేడు కొనకు ఆనేలా నేల మీద ఒక దిమ్మె నిలిపి గుర్తు పెట్టండి. నెమ్మదిగా తిప్పి రెండో బ్లేడు కొన అదే గుర్తు దగ్గరికి వస్తుందో లేదో చూడండి. ఆరడుగుల లోపు లోహపు ప్రొపెల్లర్‌కు తేడా 1/16 అంగుళం, చెక్కదానికి 1/8 అంగుళం దాటకూడదు. చెక్క వాతావరణాన్ని బట్టి ఉబ్బుతుంది, ఎండుతుంది. ఎండితే బోల్టుల బిగువు పోయి హబ్ రాపిడికి చెక్క మాడిపోతుంది. ఉబ్బినప్పుడు బోల్టులను బలవంతంగా బిగిస్తే నార నలిగిపోతుంది. కొత్తగా బిగించాక మొదటి ఎగురుడు తర్వాత ఒకసారి, 25 గంటలకు ఒకసారి, అక్కణ్ణించి ప్రతి 50 గంటలకూ, కాలం మారినప్పుడూ బోల్టుల టార్క్ (బిగించే బలం) చూడాలి. అంకె ఆ ప్రొపెల్లర్ తయారీదారు పత్రంలోదే అయ్యుండాలి. ఆపిన విమానంలో చెక్క ప్రొపెల్లర్‌ను అడ్డంగా ఉంచండి. నిలువుగా ఉంచితే తేమ కింది బ్లేడులోకి దిగి బరువు తేడా వస్తుంది.

రబ్బర్ల విషయం త్వరగా తేలుతుంది. గట్టిపడినవీ, నూనెలో నానినవీ మార్చాల్సిందే. అంతకు ముందు ఎగ్జాస్ట్ గొట్టం, ఎయిర్ బాక్స్, బ్యాఫిల్ (గాలిని సిలిండర్ల మీదికి మళ్లించే రేకు) ఇంజన్ పై కప్పు అయిన కౌలింగ్‌కు తగులుతున్నాయేమో చూడండి. ఒరుసుకుని మెరిసిన గుర్తు ఉంటే అదురు అక్కణ్ణించే చట్రంలోకి వెళుతోంది.

అసలు చిక్కు మాగ్నెటో డ్రాప్ మీది నమ్మకంలో ఉంది. ఆ పరీక్ష ఒక మాగ్నెటోను రెండోదానితో పోలుస్తుంది. వాల్వ్ సరిగా తెరుచుకోని సిలిండర్ రెండు మాగ్నెటోల మీదా ఒకేలా బలహీనంగా ఉంటుంది కాబట్టి డ్రాప్ మామూలుగానే వస్తుంది. డ్రాప్ అసలు లేకపోతే సంతోషించడానికి లేదు, గ్రౌండ్ వైరు తెగి ఉండొచ్చు. ప్లగ్గుల సంగతి వేరు. జే-3 కబ్ లాంటివాటిలో ఉండే కాంటినెంటల్ ఏ-65 ఇంజన్‌ను 73 ఆక్టేన్ పెట్రోలుకు రూపొందించారు. నేటి 100ఎల్‌ఎల్ రకం విమాన పెట్రోలులో సీసం మోతాదు పాత 80/87 రకంలో అనుమతించినదానికి నాలుగింతల దాకా ఉండొచ్చు. సీసం పూసలు కింది ప్లగ్గుల్లో పేరుకుని మంటను తప్పిస్తాయి. ప్లగ్గులు శుభ్రం చేసి, గ్యాప్ 0.016–0.021 అంగుళాల మధ్య ఉందేమో చూడండి.

ఏ సిలిండర్ అన్నది పట్టుకోవడానికి చల్లని ఇంజన్‌ను అదురు వచ్చే ఆర్‌పీఎం దగ్గర, అదిరే మాగ్నెటో మీదే నిమిషం నడిపి ఆపేయండి. ప్రొపెల్లర్ ఆగాకే దగ్గరికెళ్లి, నాలుగు ఎగ్జాస్ట్ గొట్టాల మీద ఒకే చోట ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు పెట్టండి. చల్లగా ఉన్నదే దొంగ. ఐడిల్‌లో కుదుపు ఉండి ఫుల్ త్రాటిల్‌లో పోతే ఇన్‌టేక్ గొట్టాల రబ్బరు జాయింట్లు చూడండి. ఐడిల్‌లో మానిఫోల్డ్‌లో వాక్యూమ్ ఎక్కువ, చిన్న పగులు కూడా బోలెడు గాలి పీలుస్తుంది. అక్కడ పెట్రోలు నీలి మరక కనిపించడం మామూలే. ఫుల్ త్రాటిల్‌లో మాత్రమే అదిరితే ఇగ్నిషన్ లీడ్లనూ ఇంధన ప్రవాహాన్నీ పరీక్షించాలి.

కంప్రెషన్ 70/80 మాట కూడా ఇంతే. ఆ పరీక్ష పిస్టన్ పైకొచ్చి వాల్వులు మూసుకున్నప్పుడు, ఇంజన్ ఆగి ఉన్నప్పుడు జరుగుతుంది. గైడ్‌లో (వాల్వ్ కాడ కదిలే గొట్టంలో) అంటుకుపోయే ఎగ్జాస్ట్ వాల్వూ, వాల్వును తెరిపించే క్యామ్ మీది అరిగిన లోబూ అందులో బయటపడవు. పొద్దున స్టార్ట్ చేయగానే గట్టిగా కుదిపి, కొన్ని నిమిషాలకు సర్దుకునే ఇంజన్‌లో వాల్వ్ అంటుకుంటోందని అనుమానించాలి. పూర్తిగా పట్టేస్తే వాల్వును నెట్టే పుష్‌రాడ్ వంగిపోతుంది. ఇంజన్ల తయారీ సంస్థ లైకమింగ్ సర్వీస్ బులెటిన్ 388 ఎగ్జాస్ట్ గైడ్ అరుగుదలను కొలవమనేది ఇందుకే. రాకర్ కవర్లు విప్పి నాలుగు సిలిండర్ల వాల్వ్ లిఫ్ట్‌ను డయల్ గేజ్‌తో పోల్చండి. స్టాటిక్ ఆర్‌పీఎం (విమానం కదలకుండా ఫుల్ త్రాటిల్‌లో వచ్చే వేగం) ఆ విమానం ఆమోద పత్రమైన టైప్ సర్టిఫికేట్ డేటా షీట్‌లోని హద్దుల్లో ఉందా లేదా చూడండి. పాత మెకానికల్ టాకోమీటర్లు తప్పు చూపుతాయి, ముందు ఆప్టికల్ టాకోతో సరిచూసుకోవాలి.

అదురు లేదంటే క్షేమమన్న ఊహ కూడా ఆ సలహాలో దాగుంది. కొన్ని లైకమింగ్ ఓ-360 ఇంజన్లకు సెన్సెనిచ్ 76ఈఎం8 ప్రొపెల్లర్ బిగించినప్పుడు 2150–2350 ఆర్‌పీఎం మధ్య నిలకడగా నడపొద్దన్న ఆంక్ష ఉంది. ఆ వేగంలో బ్లేడు లోహం పడే ఒత్తిడి సీట్లో కూర్చున్నవాళ్లకు తెలియకపోవచ్చు.

ఇక గాల్లో ఉండగా ఒక్కసారిగా పెద్ద అదురు మొదలైతే పై పరీక్షలేవీ వర్తించవు. బ్లేడు ముక్క ఊడి ఉంటే ఇంజన్ మౌంటునే చీల్చేయగలదు. వెంటనే త్రాటిల్ తగ్గించి, వేగం తగ్గించి, అందుబాటులో ఉన్న చోట దిగాలి. తగ్గించినా అదురు ఆగకపోతే ఇంజన్ ఆపేయాలి. దిగాక బ్లేడ్లు, హబ్, క్రాంక్‌షాఫ్ట్ ముందు భాగం, మౌంటు గొట్టాల వెల్డింగులు చూడకుండా ఆ ఇంజన్‌ను మళ్లీ స్టార్ట్ చేయకూడదు.