సవరణ: క్యాపిటల్ లెటర్స్ పోస్టులో హోదాల సంగతి

మొన్నటి పోస్టులో హోదాలకి ఇంగ్లీష్‌లో క్యాపిటల్ పెట్టాలి అని ఒక్క లైన్లో తేల్చేశా కదా, దాన్ని పట్టుకుని కొందరు వాక్యం మధ్యలో కనబడ్డ ప్రతి మేనేజర్‌కీ ప్రతి ఇంజనీర్‌కీ పెద్దక్షరం పెట్టేస్తున్నారు, అందుకే ఈ సవరణ. హోదా పేరుకి ముందు అతుక్కుని వస్తేనే క్యాపిటల్. ప్రెసిడెంట్ లింకన్ అంటే పెద్ద పి, అదే లింకన్ వాజ్ ద ప్రెసిడెంట్ అని రాస్తే చిన్న పి చాలు, ఇంగ్లీష్ రాత నియమాల పుస్తకాలైన ఏపీ (అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ) స్టైల్‌బుక్ అయినా చికాగో మాన్యువల్ అయినా ఇదే మాట. ఆఫీసు మెయిల్స్‌లో మాత్రం బాస్ హోదాకి చిన్నక్షరం పెట్టే ధైర్యం ఎవరికుంది లెండి!

మామ్, డాడ్ కూడా ఇంతే, పేరులా పిలిస్తే పెద్దది, ముందు మై వస్తే చిన్నది. వారాల పేర్లు, నెలల పేర్లకి ఎప్పుడూ క్యాపిటలే గానీ సమ్మర్, వింటర్‌కి అక్కర్లేదు.

ఇంటర్నెట్ అన్న మాటకి పెద్ద ఐ పెట్టాలా చిన్న ఐ పెట్టాలా అని అడిగారు: ఏపీ వాళ్ళు 2016లో చిన్న ఐకి మారారు, కాబట్టి పాత పుస్తకాల్లో పెద్ద ఐ కనిపిస్తే అది ప్రింటింగ్ తప్పు కాదు, అప్పటి పద్ధతి అంతే.